గుడ్డ చూడని మాస్టారు

అనకాపల్లిలో మాకు కంప్యూటర్ సైన్స్ చెప్పిన మాస్టారు, మేం ఏ జవాబు చెప్పినా కళ్లజోడు తుడుచుకుంటూ "నీకెలా తెలిసిందమ్మా?" అనేవారు.

డిగ్రీ చివరి ఏడాది, ఫొటో చూసి బెల్లం రకం చెప్పే ప్రోగ్రామ్ రాశాను. అన్నీ సరిగ్గా చెప్పింది. మాస్టారు అదే ప్రశ్న వేసి, ఫొటోల్లో బెల్లం దిమ్మల్ని చెరిపించారు. బెల్లం లేకుండానే "మొదటి రకం" అంది! ఫొటోల కోసం, బెల్లం మార్కెట్లో పనిచేసే మా నాన్న మంచి బెల్లాన్ని అలవాటుగా తెల్లగుడ్డ మీద, నల్లబెల్లాన్ని గోనెపట్టా మీద పెట్టాడు. ప్రోగ్రామ్ గుడ్డనే చూసింది.

నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుత్తావేటమ్మా? మనుసులూ అంతే, గుడ్డ సూసే రకం సెప్పేత్తారు. అది కనిపెట్టడమే రీసెర్చి," అన్నారు మాస్టారు.

వెలిసిపోయిన చుడీదార్‌లో వెనక బెంచీ మీద కూర్చునే నన్ను, ఈ ప్రాజెక్టుకి ఏరి పిలిచింది ఆయనొక్కరే.