పాట లేని బాప్తిస్మం

ఆ వేసవిలో జ్ఞానమ్మ పాడటం మానేసింది. ఆమెను ఎరిగిన వాళ్లెవరూ ఆ మాట నమ్మలేదు. కావలి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో కట్లు కడుతూ కూడా కీర్తనలు పాడేదట. అమెరికా వచ్చి, సియాటిల్‌కి ఉత్తరాన సముద్రపు పాయ ఒడ్డున ఆల్డర్ కోవ్ అనే చిన్న ఊళ్లో వృద్ధాశ్రమంలో పనికి చేరాక, అక్కడి ముసలి జాలరులకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తెలుగులోనే పాడేది. భర్త సుందర్ రాజ్ 1978లో గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి ఆమె అన్నం నిలబడే తినేది. కూర్చుంటే ఎదుటి కుర్చీ కనిపిస్తుందనేది. సాయంత్రాలు ఇంటి వెనక చెక్క రేవు మీద కూర్చుని, చేపలు శుభ్రం చేసుకుంటూ గొంతెత్తి పాడుకునేది.

ఒక తిమింగలం ఆ రేవుకే వచ్చింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కంటి వెనక తెల్లటి మచ్చ, ఇంకా పూర్తిగా ఎదగని మగది. ఆ జాతివి బతికినంతకాలం తల్లి వెంట గుంపుగానే తిరుగుతాయి. ఇది ఎలా తప్పిపోయిందో ఎవరికీ తెలియదు. గుంపు దొరక్క మనుషుల దగ్గరికి చేరింది. పడవలకు ఒళ్లు రుద్దుకునేది, తాళ్లు పట్టి లాగేది, రేవు మీద చెయ్యి చాచినవాళ్లకు తల అందించేది. జ్ఞానమ్మ పాడుతుంటే మాత్రం పాట అయ్యేదాకా కదిలేది కాదు. ఆమె దాన్ని అబ్బాయ్ అని పిలిచేది.

ఆ చనువే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 1983 వసంతానికి దాని వీపు మీద పడవ ప్రొపెల్లర్ కోసిన లోతైన గాటు పడింది. ఒక జాలరి పడవ చుక్కాని దానివల్ల విరిగింది. మళ్లీ తన పడవ జోలికి వస్తే కాల్చేస్తానని అతను అందరి ముందూ అన్నాడు. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం తరఫున కార్ల్ అనే అధికారి వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. దాన్ని ఎవరూ చూడకూడదు, తాకకూడదు, పలకరించకూడదన్నాడు. వేసవి చివర సాల్మన్ చేపల వెంట తిమింగలాల గుంపులు పాయ బయటికి వస్తాయి. ఈలోగా మనుషుల మీద ఆశ వదులుకుంటే వాటిలో కలుస్తుందేమో. వదులుకోకపోతే వల వేసి పట్టుకుని అక్వేరియానికి ఇచ్చేస్తారు, ఇక బతుకంతా సిమెంటు తొట్టిలోనే. అతను కఠినంగా ఏమీ మాట్లాడలేదు. నీ పాటే దాన్ని ఇక్కడ కట్టిపడేస్తోందని మాత్రం జ్ఞానమ్మతో చెప్పాడు.

ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో కూడా పాడలేదు. అది రేవు దగ్గర తోకతో నీళ్లు చరుస్తుంటే వంటింటి కిటికీ మూసి, రేడియో పెట్టుకుని గిన్నెలు తోమేది. మెల్లగా అది రావడం తగ్గింది. ఆగస్టు నాటికి పాయ సముద్రంలో కలిసే మొగలో ఎప్పుడైనా దాని వీపు మీది రెక్క కనిపించేది, అంతే.

చిక్కల్లా బాప్తిస్మంతో వచ్చింది. మా తెలుగు క్రైస్తవ సంఘంలో బాప్తిస్మమంటే నిండా ముంచాల్సిందే. అంతకు ముందు ఏడాది రెడ్‌మండ్ దగ్గర చెరువులో ఇస్తే, పిక్నిక్‌కి వచ్చినవాళ్లు మూగి, తడి చీరల్లో ఉన్న ఆడపిల్లలకు ఫోటోలు తీశారు. అందుకని ఈసారి తన ఇంటి దగ్గర పెట్టుకోమని, బట్టలు మార్చుకోను గదులున్నాయని శీతాకాలంలోనే జ్ఞానమ్మ మాటిచ్చింది. ఇప్పుడు పోర్ట్‌లాండ్ నుంచి బంధువులు కూడా బయలుదేరారు. ఆమె పాస్టరు దైవాశీర్వాదం గారి దగ్గరికి వెళ్లి, మనిషి నీళ్లలోకి దిగేటప్పుడు సంఘమంతా పాడే ఆనవాయితీని ఈ ఒక్కసారికి ఆపమని బతిమాలింది. ఆయన సరేనన్నారు.

బాప్తిస్మం నాటి శనివారం మధ్యాహ్నం కార్ల్ కూడా వచ్చి రేవు మీద నిలబడ్డాడు. వల పడవ సిద్ధంగా ఉందనీ, సోమవారం పైవాళ్లు తేలుస్తారనీ ముందే చెప్పాడు. ఇవాళ అది మనుషుల దగ్గరికి వచ్చి, మనుషులు దాన్ని చేరదీశారంటే, వల వద్దని తాను అడ్డు చెప్పడానికి ఏమీ మిగలదన్నాడు.

బాప్తిస్మం తీసుకోవాల్సింది మా సంఘంలోని లూసీ కూతురు ప్రేమజ్యోతి. కాలేజీలో చేరబోతోంది. తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని జ్ఞానమ్మ చెవిలో అడిగింది.

"ఆంటీ, సైలెంట్‌గా చేస్తే కౌంట్ అవుతదా?"

"దేవుడికి చెవుడు లేదులే అమ్మాయ్. దిగు."

పాస్టరు గారు నడుం లోతులో చేతులు చాచి నిలబడ్డారు. నీళ్లు మంచులా ఉన్నాయి. ప్రేమజ్యోతి ఒక్కో అడుగూ వేస్తోంది. మా ఊపిరి మాకే వినబడుతోంది. ఆ నిశ్శబ్దం లూసీ భరించలేకపోయింది. కూతుర్ని నీళ్లలో చూసేసరికి తెలియకుండానే పాట ఎత్తుకుంది. అలవాటు కొద్దీ ఇంకో నాలుగు గొంతులు కలిశాయి.

"లూసీ, ఆపు," అంది జ్ఞానమ్మ.

పాట ఆగింది. కానీ పాయ మొగలో నల్లటి రెక్క లేచింది, ఒడ్డుకేసి తిరిగింది.

అది ఎంత వేగంగా వచ్చిందంటే, పాస్టరు గారు ప్రేమజ్యోతి భుజాలు పట్టుకునేంత వ్యవధే దొరికింది.  జ్ఞానమ్మ చెప్పులతోనే నీళ్లలోకి దిగి వాళ్లకు అడ్డంగా నిలబడింది. తిమింగలం ఆమె ఎదుట తల ఎత్తింది. చేయి చాస్తే అందేంత దగ్గర. ఒడ్డు మీదున్న మాకు కూడా దాని ఊపిరిలోని చేపల వాసన తగిలింది. జ్ఞానమ్మ కుడి చెయ్యి నీళ్లలోంచి పైకి లేచింది. మేమందరం ఆ చెయ్యినే చూస్తున్నాం. కార్ల్ కూడా.

ఆమె ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యగారూ, వెనక్కి తిరగండి. అందరూ తిరగండి. ఎవ్వరూ దాన్ని చూడొద్దు."

గొంతు పెంచకుండానే చెప్పి, తానే ముందు తిరిగింది. పాస్టరు గారు పిల్లను తిప్పుకున్నారు. ఒడ్డు మీద సంఘమంతా సముద్రానికి వీపు పెట్టి ఇంటి గోడకేసి నిలబడింది. మేమేమీ చూడలేదు. జ్ఞానమ్మ తర్వాత చెప్పిందే నాకు తెలుసు. అది ముట్టెతో ఆమె వీపును మెల్లగా తాకింది. ఆమె కదల్లేదు. మళ్లీ నెట్టింది. ఆమె తూలి ఒక అడుగు ముందుకు వేసి, పిడికిళ్లు బిగించి నిలదొక్కుకుంది. తర్వాత అది సన్నగా, పొడుగ్గా ఒక కూత పెట్టింది. అది మాత్రం మేమూ విన్నాం. నా పక్కన లూసీ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

కూత మళ్లీ రాలేదు. కాసేపటికి బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు కొంచెం దూరంగా వినిపించింది. తర్వాతది ఇంకా దూరంగా. దైవాశీర్వాదం గారు దాదాపు గొణుగుతున్నట్టు బాప్తిస్మపు మాటలు పలికి, వీపు సముద్రానికే ఉంచి, ప్రేమజ్యోతిని ముంచి లేపారు. ఎవరూ పాడలేదు.

అది పాయ దాటి బయటి నీళ్లలోకి వెళ్లిందని, రేవు మీదినుంచి ఓరకంట కనిపెట్టిన కార్ల్ ఒడ్డుకు దిగి వచ్చి చెప్పాడు. వల వెయ్యొద్దని సోమవారం గట్టిగా చెబుతానన్నాడు. ఇక తిరిగి చూడవచ్చన్నాడు.

అంత దూరం నుంచి దానికి తాను కనిపిస్తానా అని జ్ఞానమ్మ అడిగింది. కనిపిస్తావేమో, చెప్పలేనని అన్నాడతను.

అయితే తిరగకుండా ఇంకాసేపు ఆగుతానంది. పెదవులు నీలిబారి, నడుం లోతు నీళ్లలో, మా అందరికేసి చూస్తూ అలాగే నిలబడింది.