దింపుడు కళ్లం కాడ హారన్

నవ్వొద్దు, ముందే చెప్తున్న. మొన్న మా మల్లయ్య మామ అంతిమయాత్రకు వచ్చినోళ్లందరు కంది చేన్ల వడి ఉరికిండ్రంటే, దానికి కారణం నేనే!

మామ అంటే నాకు పానం. బీదర్ల ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్ననంటే ఆయన ధైర్యం చెప్పబట్టే. పిల్లలు లేరు మామకు, అత్తమ్మకు. ఆయన పోయిండని తెల్వంగనే బోల్టులిప్పే పానాలు, మీటర్ ఉన్న సంచితోనే దవాఖానకు ఉరికిన. దవాఖాన నుంచి జనవాడ దిక్కు వాళ్ల చేను కాడికి వ్యాన్ల తీస్కపోతున్నం. వెనక జీపులల్ల, బైకుల మీద చుట్టాలు. పొద్దుగూకక ముందే కార్యం కావాలె.

సగం తొవ్వల వ్యాను టక్కున ఆగింది! డ్రైవర్ తాళం తిప్పుతుండు... లైటు లేదు, సప్పుడు లేదు. అందరు నా మొఖమే చూడవట్టిండ్రు. ఏడ్సుకుంటనే బానెట్ లేపిన.

ముందుగాల డైనమో అనుకున్న. బెల్టు బాగనే ఉంది. బ్యాటరీకి మీటర్ పెట్టి చూస్తే ఫుల్ ఛార్జింగ్! మరి కరెంటు యాడికి పోతాంది? ఇగ ఎర్త్ వైరే. కింద ఫ్రేముకు బిగించిన కాడ తుప్పు వట్టి లూజ్ అయ్యుంటది. అక్కడికి చెయ్యి పోతది గని కన్ను పోదు. అందుకే డ్రైవర్‌కు చెప్పిన, "అన్నా, హారన్ ఒత్తి పట్టు, ఇడవకు. మోగిందంటే వైరు దొరికినట్టు." షాపుల రోజూ చేసే పనే.

ఇంతల మా పెద్దనాయిన, "బండి ఆగనే ఆగింది, దింపుడు కళ్లం ఈడనే చేద్దాం" అన్నడు. పాడె కిందికి దించి, పానం ఏమన్న మిగిలుంటే లేస్తడేమోనని చెవుల మూడుసార్లు పిలుస్తరు గద, అది. "మేనల్లుడివి, నువ్వే పిలువురా."

"నా చెయ్యి ఇరుక్కున్నది పెద్దనాయినా. అత్తమ్మను పిలవనియ్యి."

అత్తమ్మ పెండ్లయిన కాడికెల్లి మామ పేరు నోట తీయలే. వంగి, చెవి కాడ "ఓ మల్లయ్యా..." అన్నది. నేను కింద వైరు కోసం దేవులాడుతనే ఉన్న. రెండోసారి పిలిచింది. ఒక్కలు కూడ కదుల్తలేరు. మూడోసారి గట్టిగ ఏడ్సుకుంట పిలిచింది. సరిగ్గ అదే వక్తుల నా వేళ్లకు వైరు దొరికింది, జోరుగ లోపలికి నూకిన.

పాఆఆఆం!

అబ్బో, ఉరుకుడే ఉరుకుడు! చెప్పులన్నీ రోడ్డు మీదనే. అందరికన్నా ముందు మా పెద్దనాయిన. డ్రైవర్ మహానుభావుడు, నేను చెప్పినట్టే ఒత్తి పట్టిండు, ఇడుస్తలేడు!

అత్తమ్మ ఒక్కతే ఉరకలే. మామ చెంపలు రెండూ పట్టుకొని, "పలికిండు! నా పెనిమిటి పలికిండు!" అంటున్నది.

నల్లటి చేతులతోనే పోయి ఆమె ముంగట కూసున్న. "అత్తమ్మా... మామ కాదు. ఎర్త్ వైరు." ఆ మాట చెప్పేటప్పుడు నా మీద నాకే అసయ్యమేసింది.

ఆమె మామను చూసింది, నన్ను చూసింది. కొంగుతో కండ్లు తుడ్సుకున్నది. "నాకే అనుమానం రావాలె బిడ్డా. బతికున్నన్ని రోజులు ఎంత పిలిచినా పలకనోడు, ఇయ్యాల మూడో పిలుపుకే పలుకుతడా?"

నవ్వింది. ఆ నవ్వుల్నే మళ్లా ఏడ్పు. నేను కూడ ఆమెను పట్టుకొని ఏడ్సిన.

పొద్దు ఉండంగనే చేను చేరినం, మామకు అన్నీ సక్రమంగ జరిగినయ్. తిరిగొచ్చేటప్పుడు పెద్దనాయిన, అప్పటికింకా చెప్పులు దొరకలే ఆయనకు, నన్ను పక్కకు పిలిచి మెల్లగ అన్నడు:

"నేను పోయిననాడు నువ్వు తప్పకుండ రా బిడ్డా. పానాలు మాత్రం షాపులనే పెట్టి రా."