స్పీకరు మీద చెయ్యి

మొన్న గాజులు కొనడానికి చార్మినార్ పక్కన లాడ్ బజార్ వెళ్లినప్పుడు, సందు మలుపులో ఒకాయన సెల్‌ఫోనుకు టంకం పెడుతున్నాడు. ఆ పొగ ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. వెంట ఉన్న ఆడపడుచు "ఏమైంది వదినా?" అని అడిగితే ఏమీ లేదన్నాను. టంకం పొగ నాకు నర్సింగరావు సార్ వాసన. ఆయన సంగతి మంచిమాటతో మొదలుపెడదామని ఎన్నిసార్లు అనుకున్నా, చివరికి నా తప్పు దగ్గరే తేలతాను. అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఛత్రినాకలో మార్కెట్ వెనక, ఒక మేడ మీద గది ఆయన కొట్టు. ప్రభుత్వ ఫ్యాక్టరీలో లౌడ్‌స్పీకర్లు పరీక్షించే ఉద్యోగం చేసి, ముందుగానే విరమణ తీసుకుని, కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టారు. నేను డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ కోర్సు కూడా వెలగబెట్టి, ఉప్పుగూడలో మా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా మా నాన్న. నా భాష సార్‌కు భలే వినోదం. "కంప్యూటర్‌కు గూడ అండీ అంటవా ఏంది బిడ్డా? నెత్తికెక్కుతది" అనేవారు. ఆయన దగ్గర పనిలో చేరిన రోజు నన్ను అడిగింది ఒక్కటే, చెవులు బాగా పనిచేస్తాయా అని. అదేం ప్రశ్న అని నవ్వుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఆఫీసు వాళ్లు పన్నెండు పాత కంప్యూటర్లను అంధ బాలికల హాస్టలుకు ఇచ్చారు. తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం ఉంది కాని, ఆ యంత్రాలు మూగవి. శబ్దం పుట్టించే చిప్పు మదర్‌బోర్డు మీదే అతికి ఉంది, వేరే కార్డు పెట్టే చోటు లేదు. చిప్పు మీద పేరు అరిగిపోయింది. పుస్తకం లేదు, డిస్కు లేదు. దానితో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కు చెప్పే ప్రోగ్రాం, డ్రైవరు అంటారు, దాన్ని మేమే రాయాలి. జూన్‌లో ఆఫీసు వాళ్లు చూడటానికి వస్తారు, అప్పటికి పిల్లలు వాటి మీద పని చేస్తూ ఉండకపోతే వేరే సంస్థకు ఇచ్చేస్తారు. హాస్టలులో పాఠాలు చెప్పే సుజాత టీచర్‌కూ చూపు లేదు. మెట్లు లెక్కపెట్టుకుంటూ మా గదికి వచ్చి, "ఇవి మాట్లాడితెనే మా పిల్లలకు రేపు ఏదన్న కొలువు దొరుకుతది సార్. లేకుంటే బల్లమీద డబ్బాలే" అన్నారు.

మా పని పద్ధతి ఇది. చిప్పుకు ఒక అంకె పంపాలి, చెవిపెట్టి వినాలి, నోటుపుస్తకంలో రాయాలి. మళ్లీ ఇంకో అంకె. సగంసార్లు యంత్రం కొయ్యబారిపోయేది. ఆపి, మళ్లీ వేసి, మళ్లీ మొదటినుంచి. ఇనిపించింది ఇనిపించినట్టు రాయాలని ఆయన నియమం. "ఏం కాకుంటే ఏం కాలేదని రాయి బిడ్డా. రాయకపోతే రేపు మనమే మనల్ని మోసం చేస్కుంటం" అనేవారు. పేజీలకు పేజీలు "ఏమీ కాలేదు" అని రాశాను. ఫిబ్రవరి పోయింది. ఒకరోజు ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, "గీ చిప్పు చేసినోడు మనతోని మాట్లాడొద్దనుకున్నడు" అని గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆ పూట ఇద్దరం అన్నం డబ్బాలు విప్పలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం శబ్దం వచ్చింది. గరగరమంటూ ఒక మనిషి గొంతు, ఒకటి నుంచి పది దాకా చదివింది. సార్ స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "వచ్చింది బిడ్డా" అన్నారు. ఆ మాటల వెనకే సన్నటి కూత ఒకటి, చెవి దగ్గర దోమలాగా, ఆగకుండా వస్తోంది. ఆయన అంటారేమోనని చూశాను. అనలేదు. ఫ్యాక్టరీలో అన్నేళ్లు విన్న మనిషి, ఆయనకు తెలియదా, తర్వాత సరిచేస్తారు, నిన్నగాక మొన్న వచ్చిన నేనెవర్ని చెప్పడానికి అనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అన్ని రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను, దాన్ని ఆర్పే ధైర్యం లేకపోయింది. పుస్తకంలో "శబ్దం వచ్చింది" అని మాత్రం రాశాను. ఆ రోజు ఖాయం చేసిన అంకె మీదే మిగతా డ్రైవరంతా కట్టుకుంటూ పోయాం. కొన్నాళ్లకు ఆ కూత నాకు అలవాటైపోయింది.

మే నెలాఖరులో హాస్టలులో మొదటి కంప్యూటరుకు మా డ్రైవరు ఎక్కించాం. సుజాత టీచర్ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నారు. నిమిషం కాకముందే తీసేశారు.

"సార్, మాటల ఎన్క సీటీ కొడుతున్నది. సూది పెట్టి పొడిచినట్టున్నది. పిల్లలు దినమంతా ఎట్ల పెట్టుకుంటరు? మీకు ఇనిపిస్తలేదా?"

సార్ నావైపు తిరిగి, "నీకు ఇనిపిస్తున్నదా?" అన్నారు.

"వినిపిస్తోందండీ."

"ఎప్పటిసంది?"

"మొదటి రోజు నుంచీ."

ఆయన నోటుపుస్తకం తీసుకుని మార్చి పేజీ తెరిచారు. నా రాత మీద వేలు పెట్టి చదివారు. ఇంకో పేజీ తిప్పారు, ఇంకోటి. మూసి నా చేతికిచ్చారు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేదో. తిరిగి వస్తూ దారిలో, నావైపు చూడకుండా అన్నారు: "ఫ్యాక్టరీల నా చెవులు పోయినయి బిడ్డా. సన్న చప్పుడు ఇనరాదు. చెయ్యి పెడితె అదురు తెలుస్తది, గంతే. అందుకే నిన్ను పెట్టుకున్న."

మిగిలింది పది రోజులు. మార్చి నాటి అంకెను మారిస్తే పైన కట్టినదంతా కూలింది. గొంతు ఒకసారి కీచుగా, ఒకసారి సాగదీసినట్టు వచ్చేది. ఆఫీసు వాళ్లు వచ్చారు, చూశారు, మర్యాదగానే మాట్లాడారు. మూడో రోజు వ్యాను వచ్చి పన్నెండు కంప్యూటర్లూ తీసుకుపోయింది. ఎక్కిస్తున్నంతసేపూ సుజాత టీచర్ గుమ్మంలోనే నిలబడ్డారు. పిల్లలు ఏమిటని అడిగితే, "ఏం లేదు, లోపలికి పోన్రి" అన్నారు.

పరీక్షలకని పాత సామాను అంగట్లో కొన్న అదే రకం బోర్డు ఒకటి మా దగ్గర మిగిలింది. సార్ దాన్ని ముట్టుకోలేదు. నేనే పట్టుబట్టి కూర్చున్నాను. బోనాల డప్పులు మోగే రోజుల్లో తలుపులు మూసుకుని వింటూ, ఆషాఢం చివరికి సరైన అంకె పట్టుకున్నాను. గొంతు కడిగినట్టు వచ్చింది. అప్పటికే హాస్టలులో ఆ గదిని కుట్టుమిషన్లకు ఇచ్చేశారు.

సార్‌ను పిలిచి వినిపించాను.

"సీటీ ఉన్నదా?"

"లేదండీ."

నేను పనిలో చేరినప్పటి నుంచీ, నేను విన్నానంటే ఆయన విన్నట్టే. ఆ రోజు ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లి, కింద బట్టలు కుట్టే పోచమ్మను పైకి పిలిచారు.

"మాట గాక ఇంకేమన్న ఇనిపిస్తున్నదా అమ్మా?"

పోచమ్మ వంగి విన్నది. "ఏం లేదన్నా, మంచిగున్నది."

"సరే," అన్నారు సార్, అప్పుడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత కూడా నాతో ఎప్పటిలా ప్రేమగానే ఉన్నారు, బిడ్డా అనే పిలిచారు. ఇప్పుడు నా ఉద్యోగంలో చిన్న లోపం కనిపించినా ఎంత పెద్దవాళ్ల ముందైనా చెప్పేస్తాను. నోటిదురుసు అంటారు, అననీ. కాని పోచమ్మ మెట్లెక్కి పైకి వచ్చేదాకా, నేను చెప్పిన "లేదండీ" ఆ గదిలో ఎవరికీ అక్కరలేకుండా ఉండిపోయింది. నా దగ్గర మిగిలింది అదే.