కొంగలకు కాపలా

హిందూపురం దగ్గర మా ఊళ్లో ఏటా చలికాలంలో పెద్ద కొంగలు దిగేవి. ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేసేవి. అవి ఎగిరిపోయేదాకా ఎవరూ చెట్టెక్కి చింతకాయ దులిపేవాళ్లు కాదు. ఆ పంట పోయినట్టే. ఎందుకని అడిగితే పక్కింటి అవ్వ నన్నే కసిరేది.

"కాన్పుకొచ్చిన బిడ్డను లేపుతామా యాడైనా?"

తొంభైల చివర్లో ఒక సంస్థవాళ్లు జీపులో వచ్చారు. మంచివాళ్లే. చిక్కంతా మంచివాళ్లతోనే. కొంగలను కాపాడమని దాతలు డబ్బిచ్చారనీ, కాపలాకు ఒక మనిషి కావాలనీ చెప్పారు. మా నాయనకు ఖాకీ చొక్కా, ఈల, నెల జీతం ఇచ్చారు. ఆ జీతంతోనే నాయన నన్ను పెనుకొండ కాలేజీలో చేర్చాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ చొక్కాను నేనే ఇస్త్రీ చేసి మురిసిపోయేదాన్ని.

ఊరు మాత్రం మెల్లగా మారింది. ఇంతకుముందు గూట్లోంచి పిల్ల జారితే దగ్గరున్నవాళ్లు ఎత్తి గంప కింద దాచేవాళ్లు. ఇప్పుడు మా ఇంటికి కబురు పంపుతున్నారు.

నేను సెలవులకు ఇంటికొచ్చిన ఒక వేసవిలో, సాయంత్రం పూట గాలివాన విరుచుకుపడింది. కొమ్మలు విరిగి, గూళ్లతో సహా పిల్లలు నేల మీద పడ్డాయి. కుక్కలు చేరాయి. నాయన ఒక చెట్టు కిందికి పరుగెత్తితే ఇంకో చెట్టు కింద అరుపు. నేను కట్టె పట్టుకొని అటూ ఇటూ ఉరుకుతున్నాను. వీధి వీధంతా వసారాల్లో నిలబడి చూస్తోంది. నా ఒళ్లు మండిపోయింది.

"ఏమప్పా, ఆ కుక్కనన్నా అదిలించరాదా!" అని నాయన ఎదురింటాయన మీద అరిచాడు.

"జీతం నీకొస్తాంటే కుక్కల్ని మేము తోలల్లా?"

అవ్వ కూడా గడపలోనే కూర్చుంది. కళ్ల ముందే కుక్క ఒక పిల్లను ఈడ్చుకుపోతున్నా కదల్లేదు.

"ఇన్నేండ్లు నా చెట్టు పంట ఇడిసిపెట్టినా. ఎవురన్నా ఒక మంచి మాటంటిరా? చొక్కా నీకిచ్చిరి. నువ్వే చూసుకోప్పా," అంది.

నాయన వానలో నిలబడిపోయాడు. ఏడుస్తాడేమోనని భయమేసింది. చొక్కా విప్పి, ప్రాణమున్న పిల్లనొకదాన్ని అందులో చుట్టి అవ్వ ఒడిలో పెట్టాడు.

"ఇంక నేను కాపలావాన్ని కాదవ్వా. ఈ బిడ్డ నీది."

అవ్వ చెయ్యి దాని మీద పడింది. ఆ తర్వాత ఎదురింటాయనను ఆమె తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. గంపలు బయటికొచ్చాయి.

సంస్థవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు నాయన చొక్కా తిరిగిచ్చేశాడు. ఇచ్చేదేదో ఊరందరికీ పనికొచ్చేట్టు ఇవ్వమన్నాడు. చెరువు పూడిక తీయిస్తే చేపలుంటాయి, కొంగలూ ఉంటాయన్నాడు. దాతలిచ్చింది కాపలాకేనని వాళ్లన్నారు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా అన్నారు.

"ముందు అందరూ తీసుకుంటాండ్రి సార్. మీరొచ్చి ఒకన్ని చేస్తిరి."

జీపు పోయింది. దాంతోపాటే నా చదువూ పోయింది. ధర్మవరంలో చిన్నమ్మ ఇంట్లో మగ్గం ముందు కూర్చున్నాను. ఊరి మంచికి నా కాలేజీయే దొరికిందా అని కుమిలిపోయాను. నాయనతో మాట మానేశాను.

మరుసటి వేసవిలో ఇంటికొచ్చిన రోజే గాలి లేచింది. జనం గంపలతో వీధిలోకి ఉరికారు, అందరికంటే ముందు కర్రతో అవ్వ. నాయన గడప దాటుతూ నా వైపు చూశాడు. రమ్మని పిలవలేదు. ఆయన మీద కోపం కోపంగానే ఉంది. గంప తీసుకొని పరుగెత్తాను.