జేబులో రాక్షసుడు

మా బాబాయి ఏ సైన్యాన్నైనా కొన్నాళ్ళు జేబులో వేసుకుని తిరగందే ఎంచుకోడు.

సైన్యమంటే నిజం సైన్యం కాదు లెండి. వేలెడంత బొమ్మ సైనికులు. బల్ల మీద కొండలూ గోడలూ పేర్చి, ఇద్దరు మనుషులు చెరో పక్కన తమ బొమ్మల్ని నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలుస్తూ యుద్ధం చేసుకుంటారు. బాబాయికి యుద్ధం కంటే దాని ముందు తతంగమే ఇష్టం. ఒకడి తల తీసి ఇంకొకడికి అతికిస్తాడు. గుర్రమెక్కినవాణ్ణి దింపి మేక మీద కూర్చోబెడతాడు. ఆ తర్వాత కంటికి భూతద్దం తగిలించుకుని రంగులు వేస్తాడు. ఆయన వృత్తి కట్టుడు పళ్ళు తయారు చేయడం. పళ్ళకీ సైనికులకీ బల్ల ఒక్కటే, పనిముట్లూ అవే. అందుకే ఒకసారి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "పళ్ళు బాగానే కుదిరాయి నాయనా, ఈ గుర్రం తల ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు" అంది.

కొత్త సైన్యం మీద మనసు పడినప్పుడల్లా నమూనాకి ఒక్క సైనికుణ్ణి తెచ్చి చొక్కా జేబులో వేసుకునేవాడు. నేను ఉద్యోగం కోసం వాళ్ళింట్లోనే ఉండేదాన్ని కాబట్టి ఈ చోద్యమంతా కళ్ళారా చూశాను.

"బల్ల మీద పెట్టి చూస్తే తెలీదా బాబాయ్?" అని అడిగాను.

"బల్ల మీద అందరూ బుద్ధిమంతులేనమ్మాయ్. జేబులో పెన్నుతో, తాళాలతో, బస్సు టిక్కెట్లతో సర్దుకుపోతాడా లేదా, అదీ చూడాలి."

చాలామంది సర్దుకుపోలేదు. రెక్కల గుర్రం రౌతు జేబుకి చిల్లు పెట్టాడు. విలుకాడు బస్సులో పక్కాయన మోచేతిని గుచ్చాడు. ఒక మంత్రగాడు మాత్రం పిన్ని చూసుకోకుండా బట్టల మెషీన్లో వేస్తే చొక్కాతో పాటు తిరిగి, గడ్డం పోగొట్టుకుని చిరునవ్వుతో బయటికొచ్చాడు. "ఓర్పున్న మనిషి" అని బాబాయి ఆ మంత్రగాళ్ళ సైన్యాన్నే తెచ్చుకున్నాడు.

ఈ యుద్ధాల్లో అవతలి పక్షం టైలర్ మాస్టారు. బాబాయి కంటే పెద్దాయన, పక్క వీధిలో దుకాణం. ప్రతి ఆదివారం మెడలో టేపుతో సహా వచ్చేవారు. ఆయనతో కొలతల్లో పేచీ పెట్టుకుంటే ఇక ఆ పూట గడిచినట్టే.

"నీ మంత్రగాడు ముందుకు రావడానికి వీల్లేదు పళ్ళ డాక్టరూ. పావు అంగుళం తక్కువ."

"మీ టేపు సాగిపోయింది మాస్టారూ."

"నా టేపు సాగదు. నీ బుద్ధి సాగింది."

అలాంటి మాస్టారికి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. సూది పట్టడం మానేశారు. దుకాణంలో కత్తిరింపు మాత్రం ఆయనది, కుట్టు పనివాళ్ళది. ఆయనకు మిగిలిన సరదా ఆదివారం ఆట ఒక్కటే. ఒక ఆదివారం తన ఈటెవాణ్ణి జరపబోయి వరసంతా పడేశారు. నిలబెట్టబోతే ఈటె విరిగింది. విరిగిన ముక్కని బల్ల మీద పెట్టి, "ఇక చాల్లే. నా వేళ్ళు నా మాట వినట్లేదు. వచ్చేవారం నుంచి రాను" అని వెళ్ళిపోయారు.

బాబాయి వెళ్ళి బతిమాలతాడనుకున్నాను. మర్నాడే జేబులో కొత్త సైనికుడు.

నాకు ఒళ్ళు మండింది. "స్నేహితుడు ఆట మానేస్తుంటే నీకు కొత్త బొమ్మలు కావలసి వచ్చాయా?"

"సైన్యం పాతబడింది కదమ్మాయ్" అన్నాడు నింపాదిగా.

ఈసారి పిచ్చి ముదిరింది. జేబులో సైనికుడితో పాటు, పిన్ని వేడి గిన్నెలు దించే మందపాటి చేతితొడుగుల్ని కూడా సంచిలో వేసుకుని తిరిగాడు. కనిపించిన ప్రతివాళ్ళకీ తొడుగులు తొడిగి, సైనికుణ్ణి ముందు నిలబెట్టి, "కాస్త ఎత్తి పక్కన పెట్టండి" అనేవాడు. బస్సు కండక్టరు ప్రయత్నించాడు. మంగలి సగం గడ్డం గీసిన మనిషిని వదిలేసి వచ్చి మరీ ఎత్తబోయాడు. అందరి చేతుల్లోంచీ సైనికుడు జారిపడ్డాడు. బాబాయి "వీడు పనికిరాడు" అని మర్నాడు ఇంకొకణ్ణి తెచ్చేవాడు. ఇక్కడ పిన్ని గుడ్డపేలికలతో గిన్నెలు దించుకుంటూ, "ఆ మనిషిని అడక్కు, అడిగితే నీకూ తొడుగుతాడు" అంది నాతో.

చివరికి ఒక బండరాక్షసుడు నెగ్గాడు. పిడికెడంత మొద్దు స్వరూపం. జేబులో పట్టక తల బయటికి పెట్టుకుని లోకాన్ని చూస్తూ ఉండేవాడు. పదిమంది రాక్షసులు వచ్చారు. బాబాయి వాళ్ళ సన్నపాటి గొడ్డళ్ళన్నీ కోసేసి, పళ్ళ చిగుళ్ళు పోతపోసే గులాబీరంగు ముద్దతో ఒకడి భుజాన దుంగ, ఒకడి వీపున మూట, ఒకడి నెత్తిన గంగాళం చేసి అతికించాడు.

"వీళ్ళు యుద్ధానికి వెళ్తున్నారా, ఇల్లు మారుతున్నారా?" అన్నాను.

"నువ్వు రంగు చూడమ్మాయ్" అన్నాడు. చూశాను. అందరికీ నీలం కోట్లు, కోట్లకి చక్కని గుండీలు.

ఆదివారం మాస్టారి దగ్గరికి నన్నే పంపాడు. ఆడక్కర్లేదట, కోట్లు చూసి మాట చెబితే చాలట. మాస్టారు ముఖం ముడుచుకునే వచ్చారు. బల్ల దగ్గరికి రాగానే ఆ ముఖం మారిపోయింది.

"ఇదేం పని? మగవాళ్ళ కోటుకి గుండీలు ఎడమ పక్కనా?"

గబుక్కున దుంగ పట్టుకుని ఒక రాక్షసుణ్ణి ఎత్తారు. కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి దించారు. మూట పట్టుకుని ఇంకొకణ్ణి ఎత్తారు. గంగాళంవాణ్ణీ ఎత్తారు. ఒక్కడూ పడలేదు. అప్పుడు ఆయన చెయ్యి ఆగింది. తన వేళ్ళని చూసుకున్నారు, గంగాళాన్ని చూశారు, బాబాయిని చూశారు. ఆ తొడుగుల పరీక్ష ఎందుకో నాకు కూడా అప్పుడే వెలిగింది.

"అయ్యో, అందరికీ తప్పే పెట్టానా?" అన్నాడు బాబాయి. "తప్పులున్న సైన్యం నాకు వద్దు మాస్టారూ. మీరే ఉంచుకోండి. నాకు నా మంత్రగాళ్ళు చాలు."

"ఇన్నేళ్ళుగా నా దగ్గర చొక్కాలు కుట్టించుకుంటున్నావు. గుండీలు ఏ పక్కనో తెలీదా నీకు?"

"తొడుక్కునేటప్పుడు ఎవరు చూస్తారండీ?"

మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత మెడలోంచి టేపు తీశారు. చీకటి పడేలోపు రాక్షసులు సామాన్లతో సహా మంత్రగాళ్ళని తొక్కుకుంటూ పోయారు. మధ్యలో ఒకసారి పావు అంగుళం దగ్గర గొడవ కూడా జరిగింది. వంటింట్లోంచి పిన్ని, "నా తొడుగులు ఇప్పుడైనా ఇస్తారా?" అని అడుగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం మాస్టారు ఒక పొట్లంతో వచ్చారు. అందులో బాబాయికి కొత్త చొక్కా. స్వయంగా కత్తిరించి, పనివాళ్ళ పక్కన కూర్చుని కుట్టించారట. రాక్షసుడు నిక్షేపంగా పట్టేంత పెద్ద జేబు. గుండీలు మాత్రం ఎడమ పక్కన.

"అయ్యో, తప్పు పెట్టానా?" అన్నారు మాస్టారు.

బాబాయి ఆ చొక్కా అప్పటికప్పుడే తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.