కీళ్ళు మార్చుకున్న కారు

వీధిలో అందరూ ఆమెను బస్సక్క అంటారు. ఏళ్ళ తరబడి స్కూలు బస్సు నడుపుతోంది. వెనక పిల్లలు ఇల్లు పీకి పందిరేసినా, ముందు స్పీడు ముల్లు మాత్రం బుద్ధిగా ఒకచోటే కూర్చోవాలి. అదీ ఆమె ఉద్యోగం.

భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన మోజుపడి ఓ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, ఇంత పొడుగు ముక్కు. కూర్చుంటే రోడ్డు చేతికి తగులుతుందేమో అన్నంత కిందికి ఉంటుంది. కొన్నరోజే గోదాముల దగ్గర మలుపులో అది ఎదురు తిరిగింది. స్టీరింగ్ తిప్పితే కాసేపు ఆలోచించుకుని, ఒక్కసారిగా పక్క లైన్లోకి దూకింది. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేకుండా ఇల్లు చేరి, దాని మీద పట్టా కప్పేశాడు.

“దాంట్లో ఏదో ఉందోయ్. వదిలించుకుందాం” అన్నాడు.

వేసవి సెలవులకు బస్సు షెడ్డెక్కగానే బస్సక్క ఆ పట్టా తీసింది. కారు ముక్కును జాకీతో పైకి లేపి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపింది. ఊడబోయే పాలపన్నులా టకటకలాడింది.

“దయ్యమూ లేదు, భూతమూ లేదండీ. పాపం, కీళ్ళరుగుదల! మార్చేస్తే లేచి పరిగెడుతుంది.”

“ఎవరు మారుస్తారు?”

“నేనే. సాయానికి మీ చెల్లెలుంది.”

ఆ ఆడపడుచు టైలరు. ముందుగదిలో మిషను ఆపి మరీ వచ్చింది. చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతులు పైనొకటి, కిందొకటి. అవి చక్రాన్ని కలిసేచోట బాల్ జాయింట్లు, కారును కలిసేచోట రబ్బరు బుష్‌లు. బుష్‌లను గోటితో గీరితే పొడిపొడిగా రాలాయి.

“వదినా, ఇవి రబ్బరా, రస్కులా?”

ఒక బోల్టు మాత్రం ఎంతకీ మొండికేసింది. నూనె పోశారు, వేడి చేశారు, బతిమాలారు. చివరికి స్పానరుకు పొడుగాటి పైపు తొడిగి ఇద్దరూ దానికి వేలాడారు. కీచుమని ఒక్క అరుపు అరిచి అది వదిలేసింది. వదినా ఆడపడుచులు ఒకరి మీద ఒకరు పడ్డారు.

కిటికీలోంచి అత్తగారు తొంగిచూసింది. “ఏమైందే?”

“కదిలిందమ్మా!”

“ఎవరు?”

“బోల్టు!” ఇద్దరికీ నవ్వాగక లేవడం కుదరలేదు.

స్ప్రింగుల దగ్గర మాత్రం నవ్వులాట లేదు. నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగు ఎగిరితే మనిషి మిగలడు. బస్సు షెడ్డు మెకానిక్ దగ్గర బిగింపు పరికరం ఎరువు తెచ్చి, ఆడపడుచును గుమ్మం అవతలికి పంపేసి, బస్సక్క ఊపిరి బిగబట్టి మర తిప్పుతూ ఒక్కొక్కదాన్నీ వదులుచేసింది. రెండోది కూడా మెత్తబడి చేతిలోకి వచ్చాక దాన్ని చంకనెత్తుకుని గ్యారేజీ అంతా గంతులేసింది.

చక్రాలను పక్కలకు తిప్పే పళ్ళకడ్డీ స్టీరింగ్ ర్యాకు. దాని తొడుగు చిరిగి లోపలికి ఇసుక చేరింది. కడిగి చూస్తే పళ్ళు గట్టిగానే ఉన్నాయి. కొత్త గ్రీజు, కొత్త తొడుగు, దాన్నుంచి చక్రాలకు పోయే రాడ్ల చివర్లకు కొత్త జాయింట్లు పడ్డాయి. ఇనుప చేతులకు నల్లరంగు వేసి బట్టలతీగ మీద ఆరేస్తే, పక్కన ఆరుతున్న భర్త తెల్లచొక్కాకూ ఒక చెయ్యి అచ్చుపడింది.

అన్నీ బిగించే రోజు వచ్చింది. కారు బరువు చక్రాల మీద ఉండగానే బుష్‌ల బోల్టులు బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాల కింద మందపాటి దుంగలు పెట్టి, సీట్లలో అత్తగారినీ భర్తనూ కూర్చోబెట్టి, బస్సక్క కిందికి దూరింది.

“అత్తయ్యా, స్టీరింగ్ తిప్పకండి!”

“తిప్పలేదమ్మా, పట్టుకున్నానంతే.”

“నోటితో చప్పుడు చేస్తోంది. గేర్లు కూడా మారుస్తోంది” అని పక్క సీట్లోంచి కొడుకు చాడీ చెప్పాడు.

పని అయ్యాక ఆవిడ దిగనంది. దిగుతానన్నాక దిగలేకపోయింది. ముగ్గురూ కలిసి లాగితే బయటపడి, “సీటు బాగుంది, మెట్టొకటి పెట్టించు” అని తీర్పిచ్చింది.

తీరా దూరంగా నిలబడి చూస్తే ముందు చక్రాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

“మెల్లకన్ను! ఈ కేసు నాది” అని భర్త హుషారుగా ముందుకొచ్చాడు.

ఆడపడుచు కారుకు రెండు పక్కలా దారం లాగి కట్టి, చక్రం ముందంచునూ వెనకంచునూ టేపుతో కొలిచింది. “కుట్టు గుంజింది వదినా, కొంచెం వదలాలి.” బస్సక్క రాడ్లను పావుమర పావుమరగా తిప్పింది. ఆయన ఒక కన్ను మూసి సూటిగా ఉన్నాయో లేదో చూశాడు. చూపు కుదిరింది.

మర్నాడు పొద్దున్నే బస్సక్క ఒక్కతే తీసుకెళ్ళింది. వీధుల్లో మెల్లగా పోయి, బ్రేకులూ స్టీరింగూ అన్నీ సరిచూసుకుని, గోదాముల మలుపు చేరింది. బస్సైతే ఒళ్ళంతా వంచి తిప్పాలి. ఇక్కడ మణికట్టు అలా కదిలిందో లేదో, కారు అప్పటికే మలుపు దాటేసింది. ఆమెకు గట్టిగా నవ్వొచ్చింది. వెనక్కి తిప్పుకుని అదే మలుపు మళ్ళీ తిరిగింది. ఇంటికొచ్చేసరికి జుట్టు పిచ్చుకగూడైంది.

“ఏవండీ, ఇప్పుడు మీరు!”

ఆయన స్టీరింగును పీక నొక్కినట్టు పట్టుకున్నాడు. “వదులుగా పట్టుకోండి, పారిపోదులే” అంది పక్క సీట్లోంచి. మలుపు వచ్చింది, పోయింది. ఆయన పట్టు వదులు చేశాడు. పెద్ద రోడ్డు కూడలిలో గుండ్రటి పూలమడి చుట్టూ తిరిగాడు. దారి ఖాళీగా ఉంది. మళ్ళీ తిరిగాడు. మూడోసారికి ఆయన చెవిదాకా నవ్వుతున్నాడు.

“ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయి! మన ఇల్లు అటు!”

“తెలుసోయ్” అని ఆయన మళ్ళీ తిప్పాడు.