నిన్నటి ఖాళీ సీట్లు

సిటీ బస్సుల ఆఫీసులో ఆయన్ని అందరూ షరతులాయన అంటారు. ఏ బస్సు ఎక్కడుందో క్షణక్షణం లోకానికి ఉచితంగా చెప్పడం ఆయన ఉద్యోగం. షరతు ఒక్కటే: ఈ సమాచారం తీసుకుని దానికేదైనా జోడించినవాళ్లు, ఆ జోడించినదాన్నీ ఇలాగే అందరికీ ఇవ్వాలి. ఆ పవిత్ర వాక్యం రాసింది ఆయనే. ఎవరైనా దాన్ని కాదంటే కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, "మళ్లీ చదవండి" అంటాడు. కళ్లజోడు తీశాడంటే పక్క బల్లలవాళ్లు ఫోన్లు పట్టుకుని వరండాలోకి జారుకుంటారు.

ఒక కంపెనీ ఆ సమాచారానికి ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీయో జోడించి, చందా కట్టినవాళ్లకే చూపించడం మొదలెట్టింది. షరతులాయన వదిన చంకకర్రలతో నడుస్తుంది, ఆమెకు కావలసింది సరిగ్గా అదే. అందరికీ ఇవ్వరేమని నిలదీస్తే, కంపెనీ ప్రతినిధి నవ్వుతూ వచ్చి, "ఇస్తున్నాం కదండీ, మర్నాడు! ఎప్పుడివ్వాలో మీ షరతులో లేదే" అన్నాడు. షరతులాయన తన వాక్యం తనే మళ్లీ చదువుకున్నాడు. నిజంగానే లేదు. ఆ రోజు కళ్లజోడు ఎంత తుడిచాడంటే అద్దం ఊడి చేతిలోకొచ్చింది. "నిన్నటి సీట్లో ఇవాళ మా వదినని కూర్చోబెట్టమంటావా?" అన్న కేకకు వరండా కూడా ఖాళీ అయింది.

ఆ సాయంత్రం ఆయన వానలో వదినతో బస్టాపులో నిలబడి ఉండగా, అదే ప్రతినిధి తడుస్తూ వచ్చాడు. అతని ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

"సార్, బస్సెప్పుడొస్తుందండీ?"

షరతులాయన తన ఫోన్ ఓసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న ఆరింటికొచ్చింది బాబూ. కిటికీ పక్క సీటు కూడా ఖాళీ."